బైబిల్ యాప్‌లో ‘చరిత్రలో ఈ రోజు’, పండుగల క్యాలెండర్: అపోహలు – వాస్తవాలు

ఒక తెలుగు బైబిల్ యాప్‌కు రోజువారీ సంఘ చరిత్ర పేజీని, పండుగల క్యాలెండర్‌ను సిద్ధం చేసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ఉదయం ఆ పేజీలో చదివిన సంగతి అదే రోజు ప్రసంగంలో వినబడుతుంది గనుక, అక్కడ దొర్లిన తప్పు ఫోన్‌లోనే ఆగిపోదు. ఈ పని గురించి తరచుగా వినే కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: ఆంగ్లంలో సిద్ధంగా దొరికే 365 రోజుల జాబితాను అనువదిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ జాబితాల్లో విట్టెన్‌బర్గ్, జెనీవా, లండన్ తప్పక ఉంటాయి, ఒంగోలు మాత్రం కనబడదు. జూలై 3నే తీసుకోండి. 1878లో ఆ రోజున, దేశాన్ని కుదిపేసిన కరవు వెన్నంటి, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడి ఆ బాప్తిస్మాలిచ్చారు. మన ప్రాంతపు ఇంత పెద్ద సంఘటన లేకుండా తెలుగువారి పేజీ ఎలా పూర్తవుతుంది? అలాగే దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన 1947 సెప్టెంబరు 27, దోర్నకల్ తొలి బిషప్పు అయిన అజరయ్య గారు బిషప్పుగా అభిషేకం పొందిన 1912 డిసెంబరు 29 ఉండి తీరాలి.

అదే జూలై 3 రోమన్ కతోలిక క్యాలెండర్‌లో అపొస్తలుడైన తోమా పండుగ కూడా. అయితే 1969 సవరణకు ముందు ఆ పండుగ డిసెంబరు 21న ఉండేది, 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలోనూ అదే తేదీ. అందువల్ల ప్రతి పండుగ పక్కన అది ఎవరి క్యాలెండర్‌లోనిదో రాయకపోతే పాఠకుడికి రెండు తేదీల్లో ఒకటి తప్పుగా తోస్తుంది. తోమా క్రీ.శ. 52లో భారతదేశానికి వచ్చాడన్నది సంప్రదాయం, గుండ్లకమ్మ బాప్తిస్మాలు సమకాలీన నివేదికల్లో నమోదైన సంగతి. రెండింటినీ ఒకే స్వరంతో చెప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: పాత సంఘటన తేదీ ఇస్తే వారం పేరును కంప్యూటరే సరిగ్గా చెబుతుంది.

వాస్తవం: చాలా ప్రోగ్రామింగ్ లైబ్రరీలు నేటి గ్రెగోరియన్ లెక్కనే వెనక్కి పొడిగిస్తాయి. మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను ఆర్చిబిషప్పుకు పంపిన 1517 అక్టోబరు 31ని వాటికి ఇస్తే బుధవారం అంటాయి, నిజానికి అప్పటి జూలియన్ క్యాలెండర్ ప్రకారం అది శనివారం. ఇటలీ, స్పెయిన్ వంటి దేశాలు జూలియన్ నుంచి గ్రెగోరియన్‌కు మారినప్పుడు 1582 అక్టోబరు 4 మరునాడే 15వ తేదీ వచ్చింది. ఇంగ్లండులో ఆ మార్పు 1752 దాకా జరగలేదు. కాబట్టే మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ పుట్టినరోజు కొన్ని పుస్తకాల్లో 1703 జూన్ 17గా, కొన్నింటిలో జూన్ 28గా ఉంటుంది. రెండు జాబితాలు కలిపినప్పుడు మా పేజీలో ఆయన జననం పదకొండు రోజుల తేడాతో రెండుసార్లు చేరింది. ఇప్పుడు 1752కు ముందటి ప్రతి తేదీకి అది ఏ లెక్కలోనిదో విడిగా నమోదు చేస్తున్నాం.

అపోహ: ఈస్టరును ఆకాశంలోని పౌర్ణమిని బట్టి లెక్కించాలి.

వాస్తవం: వసంత విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు) నాడు గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పౌర్ణమి తరువాతి ఆదివారం ఈస్టరు. అయితే సంఘం వాడేది పట్టికల్లోని పౌర్ణమి, విషువత్తు కూడా మార్చి 21గా స్థిరపరచినదే. 2019లో ఫాల్గుణ పౌర్ణమి మార్చి 21న వచ్చింది గనుక పంచాంగం చూసినవారు ఈస్టరు మార్చి 24 అనుకోవచ్చు, కానీ పట్టిక పౌర్ణమి ఏప్రిల్ 18 కావడంతో పండుగ ఏప్రిల్ 21న జరిగింది. భస్మ బుధవారం, ఆరోహణం, పెంతెకొస్తు అన్నీ ఈ ఒక్క తేదీని పట్టుకునే కదులుతాయి.

అపోహ: జనవరి 1న కొత్త పాఠాల చక్రం మొదలవుతుంది.

వాస్తవం: మూడేళ్ల లెక్షనరీలో (ఆరాధనల్లో చదివే బైబిలు పాఠాల పట్టికలో) కొత్త సంవత్సరం, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారంతో, అంటే నవంబరు 27కు డిసెంబరు 3కు మధ్య, ప్రారంభమవుతుంది.

అపోహ: పాఠం రెఫరెన్సు సరిగ్గా ఉంటే వాక్యమూ సరిగ్గానే తెరుచుకుంటుంది.

వాస్తవం: పెంతెకొస్తు జాగరణ పూజకు రోమన్ లెక్షనరీ ఇచ్చే పాఠాల్లో యోవేలు 3:1-5 ఒకటి. అది హెబ్రీ బైబిలు సంఖ్యల వరస. మన పాత తెలుగు అనువాదంలో ఆ భాగం 2:28-32. సంఖ్యలను సరిచూడకుండా లింకు పెట్టడంతో ఒక ఉపదేశి గారికి, ఆత్మను కుమ్మరిస్తానన్న వాగ్దానం ఉండాల్సిన చోట, యెహోషాపాతు లోయలో జనములకు తీర్పు తెరుచుకుంది. ఆయన ఎంతో మర్యాదగా ఫోన్ చేసి చెప్పారు. ఆ వారమే అన్ని కీర్తనల సంఖ్యలను కూడా సరిచూశాం.

అపోహ: అర్ధరాత్రి తేదీ దానంతట అదే మారుతుంది.

వాస్తవం: మా మొదటి వెర్షన్‌లో తేదీని సర్వర్ గ్రీనిచ్ సమయంతో లెక్కించేది, అంటే భారతదేశంలో ఉదయం ఐదున్నర దాకా నిన్నటి పేజీయే కనిపించేది. ఈస్టరు నాడు చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు బయలుదేరినవారికి పరిశుద్ధ శనివారపు పాఠాలు వచ్చాయి. డల్లాస్‌లోని తెలుగువారికేమో వేసవిలో రాత్రి ఏడింటికే మరునాటి పేజీ వచ్చేసేది. ఇప్పుడు తేదీని ఫోన్‌లోని స్థానిక సమయం నుంచే తీసుకుంటున్నాం. శనివారం సాయంత్రపు పూజను ఆదివారపు పూజగానే లెక్కించే కతోలికుల కోసం, వారు తమ క్యాలెండర్‌ను ఎంచుకుంటే, ఆ సాయంత్రం నుంచే ఆదివారపు పాఠాలు కూడా పక్కన కనిపిస్తాయి.