మగది లేకున్నా గూడు కట్టే కుందేలు

దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో రెండు కుందేళ్లు, రెండూ ఆడవే, వయసు ఐదు నెలలు. అందులో ఒకటి నాలుగు రోజులుగా గుర్రుమంటూ మీదికొస్తోంది, గిన్నె పెట్టబోతే ముందు కాళ్లతో చేతిని కొడుతోంది. నిన్నటి నుంచి గదవ కింద, పొట్ట మీద బొచ్చు నోటితో పీక్కుని బోనులో ఒక మూల కుప్ప పోస్తోంది. వాళ్ల అత్తమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి నాలుగు రోడ్ల కాడ పడేసి వచ్చారట. రెండు మూడు రోజుల్లో కుందేలు మామూలవుతుంది, పేరు మాత్రం నిమ్మకాయకే వస్తుంది. అది తిప్పకపోయినా ఆ రెండు మూడు రోజులే పట్టేవి.

ఆ కుందేలుకు వచ్చింది దొంగ కడుపు. కడుపులో ఏమీ లేదు, ఒళ్లు మాత్రం ఈనడానికి సిద్ధమవుతోంది.

హార్మోన్ అంటే ఏమిటి, ఏ గ్రంథి ఎక్కడుంటుంది అన్నవి బడి పుస్తకాల్లో ఉన్నాయి, అక్కడ చూసుకోండి. నాకు మోజు ఉన్నది ఒక్క విషయం మీదే: కుందేలు అండాశయం క్యాలెండర్‌ను పట్టించుకోదు. మనుషులది ఆటో స్టార్టర్ పెట్టిన బోరు మోటార్. కరెంటొస్తే చాలు, రైతు ఇంట్లో నిద్రపోతున్నా పొలంలో అది తిరుగుతుంది. (తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఈ ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఎంత మొత్తుకుందో మన జిల్లా రైతులకు చెప్పక్కర్లేదు.) కుందేలుది అట్ల కాదు, పచ్చ బటన్ నొక్కితేనే కదిలే మోటార్. ఈడుకొచ్చిన ఆడ కుందేలు అండాశయంలో ఎప్పుడూ కొన్ని ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) తయారుగానే ఉంటాయి గానీ బటన్ పడేదాకా అండం బయటికి రాదు. జతకట్టడమే ఆ బటన్. సంకేతం వెన్నుపాము మీదుగా మెదడులోని హైపోథలామస్‌కు చేరుతుంది, అక్కడి నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్, దాని దెబ్బకు మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఒక్కసారిగా ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్, ఆ తర్వాత పది పన్నెండు గంటల్లో అండాల విడుదల. పిల్లులు, ఒంటెలది కూడా ఇదే పద్ధతి.

చిక్కంతా ఎక్కడంటే, బటన్ నొక్కింది ఎవరన్నది మోటార్ చూడదు. ఇంకో ఆడ కుందేలు మీదికెక్కినా చాలు. నాలుగైదు నెలల వయసులో పెత్తనం కోసమని, ఒంట్లో పొంగుతున్న హార్మోన్ల వల్ల, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూనే ఉంటాయి. ఆ వయసులో కనబడే మిగతా వేషాలు, కాళ్ల చుట్టూ గిరగిరా తిరగడం, తలుపులకూ కుర్చీ కాళ్లకూ గదవ రాయడం, ఉచ్చ చిమ్మడం, ఇవన్నీ ఆ పొంగులో భాగాలే.

బటన్ పడ్డాక బోరులో నీళ్లున్నాయా లేవా అన్నది కూడా మోటార్ చూడదు, తిరుగుతూనే ఉంటుంది. అండం విడుదలైన చోట కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథి ఏర్పడి, కడుపును నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పోయడం మొదలుపెడుతుంది. నీళ్లుంటే, అంటే లోపల పిండాలుంటే, ఇది దాదాపు 31 రోజులు నడుస్తుంది. లేకపోతే డ్రై రన్, 16 నుంచి 18 రోజులు. అప్పుడు గర్భాశయం నుంచి ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా అనే రసాయనం వచ్చి కార్పస్ ల్యూటియంను కరిగించేస్తుంది, మోటార్ ఆగిపోతుంది. నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించేది ఇక్కడే: కుందేలు బొచ్చు పీకేది మోటార్ తిరుగుతున్నప్పుడు కాదు, ఆగుతున్నప్పుడు. ప్రొజెస్టిరాన్ పడిపోవాలి, ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఉండాలి, పాల హార్మోన్ ప్రొలాక్టిన్ పెరగాలి, మూడూ కలిస్తేనే ఆ పని. ముందు తవ్వుతుంది (బోనులో మట్టి లేకపోతే మూలన గోకుతుంది), తర్వాత వరిగడ్డిని అడ్డంగా కరుచుకుని, మూతికి రెండు పక్కలా పుల్లలు పొడుచుకొస్తుంటే మోసుకెళ్లి పరుస్తుంది, చివరికి బొచ్చు. అప్పటికి పొట్ట మీది వెంట్రుకల కుదుళ్లు వదులై ఉంటాయి, మనం చేత్తో పట్టుకున్నా ఊడి వస్తాయి. అందుకే పీకిన చోట చర్మం సాధారణంగా శుభ్రంగా ఉంటుంది, రక్తం రాదు, అరుపు ఉండదు.

ఈ పచ్చ బటన్ వల్ల కుందేళ్లకు ఇంకో కష్టం వచ్చిపడింది. 1931లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మారిస్ ఫ్రీడ్‌మన్, మ్యాక్స్‌వెల్ లాపమ్ ఒక గర్భ పరీక్ష తయారుచేశారు. స్త్రీ మూత్రాన్ని ఆడ కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, రెండు రోజుల తర్వాత దాన్ని కోసి అండాశయం చూసేవాళ్లు. గర్భిణి మూత్రంలోని హెచ్‌సీజీ అనే గర్భ హార్మోన్ అచ్చం ఎల్‌హెచ్‌లా పనిచేసి బటన్ నొక్కేది. విడిగా పెంచిన కుందేలులో అండం దానంతటది విడుదలయ్యే అవకాశం చాలా తక్కువ కాబట్టి ఫలితం నమ్మదగ్గది. కుందేలు చస్తే కడుపు వచ్చినట్టు అన్న మాట అమెరికాలో పుట్టింది గానీ, గర్భం ఉన్నా లేకున్నా దాన్ని కోయాల్సిందే. మన పిల్లలు 28 రోజుల చక్రం బొమ్మను పరీక్షలో రంగులేసి మరీ గీస్తారు, ఆ చక్రమే లేని జంతువు ఒకటి చెప్పమంటే నోరు మెదపరు. ఈ కథ ఒక్కటి చెబితే ఎల్‌హెచ్ పని జన్మలో మర్చిపోరని నా నమ్మకం.

బొచ్చే ఎందుకు అంటారా? పెంపుడు కుందేళ్ల మూలం స్పెయిన్, పోర్చుగల్ వైపు బొరియల్లో బతికే యూరోపియన్ కుందేలు. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి పాలిచ్చేది రోజుకు ఒక్కసారే, అదీ మూడు నుంచి ఐదు నిమిషాలు. మిగతా రోజంతా వాటిని వెచ్చగా ఉంచేది ఆ బొచ్చు పరుపే. పీకడం వల్ల పొదుగు మొనలు కూడా బయటపడతాయి. పాలలో ఉండే 2-మిథైల్‌బ్యూట్-2-ఈనాల్ అనే వాసనను పట్టుకుని పిల్లలు చీకట్లో క్షణాల్లో మొన అందుకుంటాయి. మన చెలకల్లో దూకే చెవులపిల్లికి ఈ తిప్పలేవీ లేవు. అది వేరే జాతి, దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పొద కింద పుడతాయి.

ఇక దేవరకొండ కుందేలు సంగతి. ముందు రెండూ నిజంగా ఆడవేనా చూపించండి. చిన్నప్పుడు తేడా పట్టడం కష్టం, అమ్మేవాళ్లే పొరబడతారు. ఒకటి మగదైతే వెంటనే విడదీయాలి, ఎందుకంటే ఈనిన రోజే మళ్లీ కడుపు నిలవొచ్చు. రెండూ ఆడవైతే గూడు పీకేయకండి, తీసేస్తే మళ్లీ పీకి కడుతుంది. కొన్నాళ్లు ముట్టుకోకుండా గడ్డి ఎక్కువ వేయండి. మింగిన బొచ్చు ముందుకు కదలాలంటే పీచు కావాలి. 12 గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బొచ్చు పోయిన చోటు కూడా చూడండి. ఛాతీ, పొట్ట, పక్కలు అయితే గూడు పని. మెడ వెనక దాని నోరు అందదు, అక్కడ పోతే చుండ్రు రాల్చే పురుగు కావొచ్చు, లేదా పక్కనున్నది పీకుతూ ఉండొచ్చు. పురుగులు పోవాలని కుక్కలకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే మాత్రం వద్దు, కుందేళ్లు చనిపోవచ్చు.

ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే గర్భసంచి, అండాశయాలు తీయించడమే మందు. తీయించని ఆడ కుందేళ్లలో మూడు నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా మామూలు. కుందేళ్లకు ఆపరేషన్ చేసి అలవాటున్న డాక్టర్‌నే వెతకండి, దానికోసం హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వచ్చినా సరే. దొంగ కడుపు గడిచాక చేయిస్తే మంచిది, నల్లగొండ ఎండల్లో వద్దు. ముందు రాత్రి నుంచి తిండి మాన్పించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కుక్కలకు ఆ జాగ్రత్త వాంతి భయంతో, కుందేలు వాంతే చేసుకోలేదు, పస్తు పెడితే దాని పేగుల కదలిక ఆగిపోతుంది.