ఖాళీ ఇల్లు పట్టించేస్తుంది: గేమ్ హ్యాకర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఆదివారం సాయంత్రమైతే నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ ఒకే రకం. ఒక చిన్న వీడియో, కింద "అన్నా, వీడు హ్యాకర్, తీసెయ్". అంటే మోసపు సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆడుతున్నాడు, పోటీ నుంచి తీసెయ్ అని. నెల్లూరు కుర్రాళ్లు చందాలేసుకుని పెట్టుకునే బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట) టోర్నమెంట్లలో, పిలిచినవాళ్లే ఆడే కస్టమ్ రూమ్‌లో పరిశీలకుడిగా కూర్చుని, మ్యాచ్ రికార్డు చేసి, గొడవ వస్తే తీర్పు చెప్పడం నా పని. జీతం లేదు. తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తాయి. పంపే వీడియో ఎప్పుడూ చచ్చిన క్షణం చుట్టూ ఎనిమిది సెకన్లే ఉంటుంది. నాకు కావలసింది దానికి ముందు ఐదు నిమిషాలు.

అపోహ: అంత వేగంగా హెడ్‌షాట్ పడిందంటే హ్యాకే.

కంటితో చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. రోజూ ఆడేవాళ్లకు ఇంకాస్త తక్కువ. మీరు తలుపులో కనపడీ కనపడకముందే బుల్లెట్ తగిలిందంటే, వాడు మిమ్మల్ని చూసి కాల్చలేదు, మీరొస్తున్నారని ముందే తెలిసి కాల్చాడు. ఎలా తెలిసిందన్నదే ప్రశ్న. చాలాసార్లు జవాబు చప్పగా ఉంటుంది: మీ అడుగుల చప్పుడు. బీజీఎంఐలో దగ్గర్లో ఎవరైనా నడిస్తే చిన్న మ్యాప్ మీద పాదాల గుర్తు కూడా పడుతుంది. పోయిన నెల ఒకడు గంటసేపు నాతో వాదించాడు. చివరికి చూస్తే చెక్క మెట్ల మీద ధడధడా పరిగెత్తుకుంటూ ఎక్కింది వాడే. "నీ అడుగులు కావలి దాకా వినిపించుంటాయి అబ్బయ్యా" అన్నా.

అపోహ: గోడ వెనక ఉన్నవాళ్ల మీదే గురి తిప్పుతూ ఉంటేనే వాల్‌హ్యాక్.

వాల్‌హ్యాక్ అంటే గోడ అవతల ఉన్నవాళ్లని కూడా చూపించే హ్యాక్. అలా తిప్పేవాడు దాన్ని కొత్తగా కొన్నవాడు. వాడిని పట్టుకోవడానికి నేనక్కర్లేదు.

అసలు ఈ హ్యాక్ ఎలా పనిచేస్తుందో చూడండి. శత్రువు బొమ్మ గీయాలన్నా, చప్పుడు వినిపించాలన్నా వాడు ఎక్కడున్నాడో మీ ఫోన్‌లోని గేమ్‌కి ముందే తెలిసుండాలి. మన తెర మీద కనపడకపోయినా ఆ లెక్క ఫోన్ మెమరీలో ఉంటుంది. హ్యాక్ దాన్ని చదివి గోడ మీద గీతలు గీస్తుంది, అంతే. ఈ రోగానికి మూలం దగ్గరే మందు వేయాలని వాలరెంట్ అనే ఇంకో షూటర్ గేమ్ వాళ్లు, శత్రువు కనపడబోయే దాకా వాడి స్థానాన్ని సర్వర్ నుంచి పంపకుండా ఆపే పద్ధతి పెట్టారు. దానికి ఫాగ్ ఆఫ్ వార్ అని పేరు.

కాస్త తెలివైనవాడు గోడ వైపు చూడడు, కావాలనే పక్కకి చూస్తాడు. కానీ వాడు దాచలేనిది ఒకటుంది. ఎవరూ లేని చోట భయపడినట్టు నటించడం చాలా కష్టం. మామూలు ఆటగాడు ఖాళీ ఇంట్లోకి వెళ్లినా తలుపు వెనక చూస్తాడు, బాత్రూంలోకి తొంగి చూస్తాడు, మెట్ల దగ్గర ఆగి చెవులు రిక్కిస్తాడు. ఒక మ్యాచ్‌లో పోచింకిలో (గేమ్ మ్యాప్‌లో ఉండే ఊరు) ఒక కుర్రాడు 11 ఇళ్లలోకి దూరాడు. తొమ్మిది ఖాళీ. ఆ తొమ్మిదింట్లోనూ సొంతింట్లోకి వచ్చినట్టు తుపాకీ కూడా ఎత్తకుండా నేరుగా సామాను దగ్గరికే పోయాడు. పైగదిలో ఒకడు చప్పుడు చేయకుండా పడుకుని ఉన్న రెండు ఇళ్లలో మాత్రం గుమ్మం బయటే ఆగి, కిటికీలోంచి గ్రెనేడ్ వేశాడు. అడిగితే "లక్కన్నా" అన్నాడు.

ఆ ఒక్క మ్యాచ్‌తో తీసేయలేదు. లక్కు ఒక రోజు ఉంటుంది. ఆ తర్వాత రెండు వారాలూ వాడి వెంటే కూర్చున్నా. ఖాళీ ఇల్లంటే వాడికి భయమే లేదు, మనిషున్న ఇల్లంటే ప్రతిసారీ భయమే. అప్పుడు తీసేశాం.

అపోహ: మాయమై ఇంకో చోట తేలాడు, స్పీడ్ హ్యాక్.

ఇందుకూరుపేట వైపు నుంచి ఆడే కుర్రాడొకడున్నాడు. రాత్రిళ్లు రొయ్యల గుంట కాపలా. ఏరియేటర్లు తిరుగుతుంటే గట్టు మీద కూర్చుని, సిగ్నల్ ఒకటో రెండో గీతలున్న ఫోన్‌తో ఆడతాడు. వాడి నుంచి సర్వర్‌కి కబురు అందక గేమ్ వాడిని అంచనాతో నడిపిస్తుంది, కబురందగానే అసలు చోటికి లాగేస్తుంది. మన కంటికి అది గెంతు. ఫిర్యాదులు వాడి మీదే ఎక్కువ, ఓడిపోయేదీ వాడే ఎక్కువ. 'గోడ చాటుకి వచ్చేశాక కూడా చచ్చాను' అన్నదీ ఈ కుటుంబమే. కాల్చినవాడి తెర మీద మీరు ఇంకా బయటే ఉంటారు, చాలా షూటర్ గేమ్‌లలో సర్వర్ ఆ లెక్కనే ఒప్పుకుంటుంది.

అపోహ: రికార్డింగ్ అబద్ధం చెప్పదు.

చెబుతుంది. కంప్యూటర్ షూటర్ గేమ్ కౌంటర్ స్ట్రైక్‌లో పాత రకమైన సీఎస్ గోలో మ్యాచ్ సెకనుకు 64 సార్లు లెక్క కడుతూ నడిస్తే, దాచిపెట్టే రికార్డింగ్ 32 సార్లే. మధ్యలో కదలిక పోయి, గురి ఒక్కసారిగా తల మీదకి దూకినట్టు కనిపించేది. కాబట్టి గురి 'దూకింది' అన్న ఒక్క మాటతో నేను ఎవరినీ తీసేయను.

అపోహ: అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఆడిస్తే చీటింగ్ ఉండదు.

2018 అక్టోబర్‌లో షాంఘైలో జరిగిన పెద్ద కౌంటర్ స్ట్రైక్ పోటీలో, మన దేశం నుంచి వెళ్లిన ఆప్టిక్ ఇండియా జట్టు ఆటగాడి కంప్యూటర్‌లో గురి సరిచేసే హ్యాక్ దొరికింది. ఫైల్ పేరు వర్డ్ డాట్ ఇఎక్స్‌ఇ. నిర్వాహకులు పక్కన నిలబడి ఉండగానే తుడిచేయబోయాడు. జట్టు మొత్తం ఇంటికి వచ్చింది, అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. మన హాల్లో నేను మ్యాచ్‌కి ముందు ఫోన్లు చూస్తానంటే మొహాలు మాడ్చుకునేవాళ్లకి ఈ కథ చెబుతుంటా.

అపోహ: రిపోర్ట్ కొట్టి వారమైంది, ఇంకా ఆడుతున్నాడంటే కంపెనీకి పట్టలేదు.

దొరికినవాడిని దొరికిన క్షణమే నిషేధిస్తే, హ్యాక్ తయారు చేసినవాడికి ఎక్కడ దొరికిందో తెలిసిపోతుంది. అందుకే చాలా కంపెనీలు పేర్లు పోగేసి ఒకేసారి గుంపుగా తీసేస్తాయి.

ఇక ఆదివారాలు నాకు పంపేవాళ్లకి: రూమ్ నంబర్, మ్యాచ్ టైము, ఎన్నో నిమిషంలో అనుమానం వచ్చిందో రాయండి. 'హ్యాకర్' అన్న మాట రాయక్కర్లేదు, అది ఎలాగూ అందరూ రాసేదే.