ఈ ఊళ్లో ఏముందని అడిగిన మనవలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సంగీతం, నాటకం బాగా నేర్చుకోవాలంటే హైదరాబాదో చెన్నైయో వెళ్లాల్సిందేనా, మన విజయనగరంలో ఏముంది అని మొన్న ఫోన్‌లో అడిగారు. వెళ్తే వెళ్లండి, కాదనను. కానీ ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో సంగీతం కోసం ఈ ఊరు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ సంగతి మీకు తెలియాలి.

1919లో మహారాజావారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టించారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 26 ఏళ్ల వయసులో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అలాంటి గురువులున్న చోటు కాబట్టే కృష్ణా జిల్లా కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు చేతి ఉంగరం అమ్ముకుని మరీ వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆదరించి పాఠం చెప్పారు. తిండికి మాత్రం మాధుకరమే. అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకోవడం. ఆ జోలెలో ముద్ద వేసిన అమ్మల పేర్లు ఎక్కడా రాసి లేవు. ఆయన పాట విన్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. గురువు ఎంత గొప్పవాడైనా, కుర్రాడికి ఊరు అన్నం పెట్టకపోతే ఆ చదువు సాగేదా? పి. సుశీల గారు ఈ ఊళ్లోనే పుట్టి, ఈ కళాశాలలోనే నేర్చుకున్నారు.

నారాయణదాసు గారిని హరికథా పితామహుడంటారు. హరికథ మీరు సరిగ్గా చూసి ఉండరు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వేదిక మీద కథ చెప్పేది ఒక్కరే. పట్టుబట్టలు, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. వెనక వయొలిన్, మృదంగం. ఆ ఒక్క మనిషే రాముడు, రావణుడు, సీత, హనుమంతుడు అన్నీ అవ్వాలి. పద్యం ఎత్తుకుని, దాని అర్థం మాటల్లో చెప్పి, కీర్తన అందుకుని, దానికి అడుగు వెయ్యాలి. నోరు పాడుతుంటే చిడతలూ గజ్జెలూ తాళం తప్పకూడదు. జనం అలిసిపోతున్నారని కనిపెట్టి మధ్యలో ఒక పిట్టకథ వేసి నవ్వించాలి. మళ్లీ వాళ్లను జాగ్రత్తగా అసలు కథలోకి తీసుకురావాలి. ఇంత పని ఒక్కరి చేత చేయించే కళ నాకు తెలిసి ఇంకొకటి లేదు.

నాటకం సంగతికొస్తే, గురజాడ వారి కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించింది మన ఊళ్లోనే. తొలి రంగం జరిగేది కూడా ఇక్కడి బొంకులదిబ్బ దగ్గరే. ఊరివాళ్లు ఎదురుగా కూర్చుని తమ వీధినీ, తమ యాసనూ, తమ తప్పులనూ వేదిక మీద చూసుకున్నారు. ఆ ధైర్యం రాసినవాడికీ కావాలి, చూసేవాళ్లకీ కావాలి.

ఇవన్నీ చదువుకున్నవాళ్ల కళలని అనుకునేరు! మన చుట్టుపక్కల పల్లెల్లో యాదవులు ఆడే తప్పెటగుళ్లు చూడండి. గుండ్రటి తప్పెటను గుండెకు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు. దగ్గర నిలబడితే ఆ దరువు మీ గుండెల్లో మోగుతుంది.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. ఇప్పుడూ పిల్లలు నేర్చుకుంటున్నారు, నేర్పేవాళ్లూ ఉన్నారు. సభకు వెళ్తే మాత్రం కుర్చీల్లో ఎక్కువగా నా వయసువాళ్లే కనిపిస్తారు. మీ ఈడువాళ్లు ఎదురుగా కూర్చుంటే పాడే పిల్లకు ఎంత హుషారుగా ఉంటుందో ఆలోచించండి.

సెలవులకు రండి. హరికథ ఎక్కడ జరుగుతోందో కనుక్కుని తీసుకెళ్తాను. మొదట్లో బోరు కొడితే లేచిపోకండి, ఒక్క పిట్టకథ అయ్యేదాకా కూర్చోండి. ఆ తర్వాత మీ ఇష్టం.

మీ తాతయ్య