ట్యాబ్‌లో రెండు నగుమోములు: నొటేషన్ యాప్‌ల మీద అపోహలు, వాస్తవాలు

చిక్కడపల్లిలో వయోలిన్ నేర్పుతాను. వారమంతా కర్ణాటక సంగీతం, ఆదివారం పొద్దున మాత్రం సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆర్కెస్ట్రాలో సెకండ్ వయోలిన్. అందుకని చాలా ఏళ్లు రెండు సంచులు మోశాను. ఒకదాన్లో సరిగమల నోటు పుస్తకాలు, జిరాక్సులు. ఇంకోదాన్లో స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి. ఇప్పుడు రెండు సంచుల సరుకూ ఒక ట్యాబ్‌లో ఉంది. అది చూడగానే పిల్లల అమ్మానాన్నలు అడిగే మొదటి మాట, "మాస్టారూ, ఏ యాప్ వేయమంటారు?"

యాప్ ఏదైనా ఫరవాలేదండీ, అందులోకి ఎక్కించే కాగితమే ముఖ్యం అంటే నేనేదో దాస్తున్నానని అనుకుంటారు. అందుకే క్లాసులో రోజూ వినే అపోహలన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

అపోహ: యాప్ కొంటే పాటలన్నీ అందులోనే ఉంటాయి.

ఉండవు. అది ఖాళీ బీరువా. ఫోర్‌స్కోర్ 2010 నుంచి ఉంది, యాపిల్ పరికరాల్లో మాత్రమే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్, విండోస్ వాళ్లు ఎక్కువగా వాడేది మొబైల్‌షీట్స్. రెండూ చేసే పని ఒకటే: మన పీడీఎఫ్‌లు తెరవడం, పేజీ తిప్పడం, వాటిమీద గీసుకోనివ్వడం, కచేరీ వరసలో పేర్చి పెట్టడం. బీరువాలో ఏం సర్దుకోవాలన్నది మన తలనొప్పి.

అపోహ: ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది.

నా దగ్గర ఒక పాప వర్ణం నేర్చుకుంటోంది. వాళ్ల అమ్మ నా నోటు పుస్తకం ఫొటో తీసుకుని, స్కానర్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేసి, చక్కగా ట్యాబ్‌లో పెట్టిచ్చారు. కాగితం తెల్లగా మెరుస్తోంది, అక్షరాలు నల్లగా ఉన్నాయి, నా నోటు పుస్తకం కంటే అందంగా ఉంది. మరుసటి వారం పాప అందులో ముక్తాయి స్వరం అనే భాగం వాయిస్తోంది. మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి, దిగాల్సిన చోట నిషాదాన్ని పైనే వాయించింది. ఆపి, "కింది ని కదా అమ్మా" అన్నాను. "చుక్క లేదు కదా మాస్టారూ" అంది.

వంగి చూస్తే నిజమే, చుక్క లేదు. నా పుస్తకంలో ఉంది, పెన్సిల్‌తో పెట్టిన చిన్న చుక్క. ఫిల్టర్ దాన్ని మరక అనుకుని తుడిచేసింది. ఇంకో రెండు లైన్ల కింద ఎప్పటిదో టీ మరక ఉంటే దాన్ని మాత్రం భద్రంగా ఉంచింది. అది సరిగ్గా ఒక ప నెత్తిన కూర్చుని తారస్థాయి పంచమం అయిపోయింది! పాప దాన్ని కూడా వాయించడానికి ప్రయత్నించిందట, వేలు అందలేదని వదిలేసిందట.

మన నొటేషన్‌లో కింద చుక్క మంద్రం, పైన చుక్క తారం, అంటే పై స్థాయి. కాలాన్ని చెప్పే గీతలు సన్నగా ఉంటాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో అయితే స్వరాల పైన గమకాల గుర్తులు, అంటే స్వరాన్ని ఎలా ఊపాలో చెప్పేవి, కూడా ఉంటాయి. వాటిలో ఒక్క గీత పోయినా గమకం పోయినట్టే. స్టాఫ్ నొటేషన్‌లోనూ అంతే. స్వరం పక్కన చుక్క ఉంటే దాని నిడివి ఒకటిన్నర రెట్లు, నెత్తిన ఉంటే తుంచి వాయించాలి. ఎక్కడి చుక్క పోయినా పాట మారిపోతుంది.

కాబట్టి స్కాన్ 300 డీపీఐలో, గ్రేస్కేల్‌లో చేయండి. నలుపు-తెలుపు వద్దు. ఫోన్‌తోనే తీయాల్సి వస్తే కిటికీ పక్కన, పుస్తకం బాగా పరిచి, ఫిల్టర్ లేకుండా తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది బొమ్మను నొక్కేస్తుంది, ముందు చితికేది చుక్కలే. ఎక్కించాక అసలు పుస్తకం పక్కన పెట్టుకుని ఒకసారి వాయించి చూసుకోవాలి. విసుగు పుట్టించే పనే. నేనూ మూడు సార్లు ఎగ్గొట్టాను, మూడుసార్లూ పట్టుబడ్డాను.

అపోహ: పేరు ఎలా పెట్టినా సెర్చ్‌లో దొరుకుతుంది.

దొరుకుతుంది, దొరికింది కూడా. ఏం దొరికిందో చెప్తాను.

మా పిల్లల వార్షికోత్సవం. ఎనిమిది మంది పిల్లలు, రెండు ట్యాబులు, నలుగురికొకటి. ఆభేరిలో త్యాగరాజస్వామి కృతి "నగుమోము గనలేని" మొదలుపెట్టాలి. ఫైలు పేరు ఇంగ్లిష్‌లో నగుమోము అని మాత్రమే ఉంది. మా ఇంకో ఫైలు పేరు కూడా నగుమోమే. అది మధ్యమావతిలోని "నగుమోము గలవాని". రెండూ త్యాగరాజస్వామివే, రెండూ ఆది తాళమే. రెండో ట్యాబ్‌లో వరస పేర్చిన పిల్లవాడు సెర్చ్ చేసి మొదట కనిపించింది నొక్కేశాడు. ఇటు పక్క నలుగురు గాంధారం నిండిన ఆభేరి, అటు పక్క నలుగురు గాంధారమే లేని మధ్యమావతి. శృతి ఒకటే, తాళం ఒకటే కాబట్టి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, తిరిగేదాకా ఎవరూ ఆపలేదు. మృదంగం వాయించే తమ్ముడు మాత్రం తల దించుకుని భుజాలు ఊపుతూ నవ్వుతున్నాడు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, నాది.

ఆ రాత్రే కూర్చుని పేర్లన్నీ మార్చాను. ఇప్పుడు నా పద్ధతి ఇది: పల్లవిలో కనీసం రెండు మాటలు, తర్వాత రాగం, తర్వాత తాళం. తెలుగులోనే టైప్ చేస్తాను. ఇంగ్లిష్‌లో రాస్తే త్యాగరాజ అన్న పేరులో హెచ్ ఉండాలా వద్దా అని ఇద్దరు శిష్యులు రెండు రకాలుగా రాస్తారు, ఇద్దరు త్యాగరాజులు తయారవుతారు. యాప్‌లో కంపోజర్ అన్న గడి వాగ్గేయకారుడికి సరిగ్గా సరిపోతుంది. జానర్ అన్న గడి మన సంగీతానికి పెద్దగా పనికిరాదు కాబట్టి అందులో రాగం పెట్టుకుంటాను, ట్యాగ్‌లో తాళం. దాంతో "కల్యాణి రాగం, రూపక తాళం" అని వడకట్టగానే ఆ నాలుగైదు కృతులే ముందుకొస్తాయి. ఆ యాప్‌లు తయారుచేసినవాళ్లు మన రాగాలను దృష్టిలో పెట్టుకుని చేయలేదు, అయినా ఇమిడిపోయాయి.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు పీడీఎఫ్‌లు ఇంకో తంటా. కంటికి తెలుగే, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. లోపలి మాటలు సెర్చ్‌కు దొరకవు. వాటికి పేరొక్కటే దిక్కు.

అపోహ: పాడేవాళ్ల శృతి మారితే యాప్ నొటేషన్‌ను మార్చేస్తుంది.

పీడీఎఫ్ అంటే బొమ్మ. అందులో ఉన్నది షడ్జమో, చీమో యాప్‌కు తెలియదు. చర్చిలో పాడే అక్క "ఇవాళ గొంతు బాలేదు, ఒక్క హాఫ్ నోట్ దించండి" అంటే స్టాఫ్ నొటేషన్ పీడీఎఫ్ ఏమీ చేయలేదు. మార్చాలంటే ఆ పాట, స్వరాలను బొమ్మగా కాక స్వరాలుగానే దాచుకునే మ్యూజిక్ఎక్స్ఎంఎల్ లాంటి ఫైలుగా ఉండాలి. మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శృతి మార్చి, కొత్త పీడీఎఫ్ తీసుకోవాలి. బొమ్మను చదివి స్వరాలుగా మార్చే యాప్‌లు ఉన్నాయి. శుభ్రంగా అచ్చయిన స్టాఫ్ నొటేషన్‌ను బాగానే పట్టుకుంటాయి, చేతిరాత దగ్గర తడబడతాయి.

సరిగమలకు మాత్రం ఈ బాధే లేదు. మన స అంటే పాడేవాళ్ల స. ఒకటిన్నర శృతికైనా, ఐదున్నరకైనా అదే కాగితం.

అపోహ: కాలితో పేజీ తిప్పే పెడల్ కొంటే పేజీల గొడవ తీరిపోతుంది.

చర్చిలో కుర్చీ మీద కూర్చుంటాను కాబట్టి తీరింది. ఎడమ చెయ్యి తీగల మీద, కుడి చేతిలో కమాను, పేజీ తిప్పడానికి మూడో చెయ్యి లేదు. కాలితో తిప్పడం హాయి. కచేరీకి వచ్చేసరికి బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. పాదం ఇంకో తొడ కింద నలుగుతుంటే పెడల్ ఎవరు తొక్కాలి? మోకాలి పక్కన పెట్టి మోకాలితో నొక్కుదామని చూశాను. తనియావర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించేటప్పుడు, తాళం వేస్తూ మోకాలు ఆడించానేమో, పాట చివరి పేజీకి పోయింది.

కన్ను గీటితే పేజీ తిరిగే సదుపాయం కూడా ఫోర్‌స్కోర్‌లో ఉంది. ఎదురుగా మృదంగం, పక్కన గాయని, నేను కన్ను గీటడం. ఆ ప్రయోగం ఇంట్లోనే ఆపేశాను.

కింద కూర్చునేవాళ్లకు నిజంగా పనికొచ్చేవి రెండు. ఒకటి, అర పేజీ తిప్పడం. మీరు పేజీ కింది సగంలో ఉండగానే పై సగంలో తర్వాతి పేజీ వచ్చేస్తుంది. ఎక్కడో ఒక కార్వై (స్వరం మీద కాసేపు ఆగే చోటు) దొరికినప్పుడు వేలితో తట్టుకోవచ్చు. రెండోది, లింకు. చరణం అయిపోగానే పల్లవికి రావాలి కదా. చరణం చివర ఒక గుర్తు పెట్టుకుంటే, దాన్ని తట్టగానే మొదటి పేజీలో పల్లవి దగ్గర తేలుతారు. పాశ్చాత్య సంగీతంలో వెనక్కి వెళ్లి మళ్లీ వాయించే చోట్ల కోసం పెట్టిన సదుపాయం ఇది, కృతికి కొలిచి కుట్టినట్టుంటుంది.

పెడల్ వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. పెడల్ అంటే ట్యాబ్ దృష్టిలో ఒక బ్లూటూత్ కీబోర్డు. అది తగిలి ఉన్నంతసేపు తెర మీద అక్షరాల కీబోర్డు రాకపోవచ్చు, ట్యాబ్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. ఫోన్‌లు, మెసేజ్‌లు రాకుండా ఏరోప్లేన్ మోడ్ వేసేటప్పుడు బ్లూటూత్ ఆన్‌లోనే ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మొదటి పేజీ చివర తెలుస్తుంది.

అపోహ: ఎంత పెద్ద తెర అయితే అంత మంచిది.

అంగుళాల కంటే ఆకారం ముఖ్యం. ఏ4 కాగితం ఎత్తు వెడల్పుకు 1.41 రెట్లు. ఐప్యాడ్ దాదాపు 1.33, అంటే కాగితానికి దగ్గర. చాలా ఆండ్రాయిడ్ ట్యాబులు 16:10, నిలబెడితే పొడుగ్గా, సన్నగా ఉంటాయి. పేజీ వెడల్పు దగ్గరే బిగుసుకుపోయి, పైనా కిందా ఖాళీ మిగులుతుంది. 12.9 అంగుళాల ఐప్యాడ్ వెడల్పు సుమారు 197 మిల్లీమీటర్లు, ఏ4 వెడల్పు 210. మార్జిన్లు కత్తిరిస్తే అసలు సైజులోనే కనిపిస్తుంది. పదకొండు అంగుళాల లోపు వాటిలో స్టాఫ్ నొటేషన్‌కు కళ్లు చికిలించాలి, ఆర్కెస్ట్రాలో ఇద్దరికి ఒక స్టాండు అయితే అసలు కుదరదు. సరిగమలకు, ఒక్క మనిషికి అవే చాలు. ఇంట్లో పాత ట్యాబ్ ఉంటే ముందు దానితో ఆర్నెల్లు నడిపించి, ఆ తర్వాత కొనండి.

అపోహ: అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి, పోవు.

సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు పేజీ మీద పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తులు పీడీఎఫ్‌లో ఉండవు, యాప్ వాటిని విడిగా దాచుకుంటుంది. పాత ట్యాబ్ మార్చినప్పుడు నేను పీడీఎఫ్‌లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ధీమాగా ఉన్నాను. కొత్తదాంట్లో తెరిస్తే మూడేళ్ల కమాను గుర్తులు, మా గురువుగారు చెప్తుండగా రాసుకున్న సంగతులు (పాటలో ఒకే లైనును మార్చి మార్చి వాయించే తీరులు), ఏవీ లేవు. సంగతులు చేతికి వచ్చు కాబట్టి మళ్లీ రాసుకున్నాను. కమాను గుర్తులు కొన్ని ఇప్పటికీ గుర్తు రాలేదు.

నెలకోసారి యాప్‌లోనే ఉండే పూర్తి బ్యాకప్ తీసి, ట్యాబ్ బయట ఇంకోచోట పెట్టండి. ముఖ్యమైనవాటిని గుర్తులతో సహా పీడీఎఫ్‌గా ఎగుమతి చేసుకోండి.

అపోహ: నెట్‌లో దొరికిందంటే ఫ్రీయే.

మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కృతి అందరిదీ. కానీ ఈ కాలపు విద్వాంసులు రాసి అచ్చు వేసిన నొటేషన్ పుస్తకం వాళ్ల శ్రమ, దాన్ని మొత్తం స్కాన్ చేసి గ్రూపులో పెట్టడం వేరే సంగతి. వయోలిన్ గ్రూపుల్లో తెగ తిరిగే షినిచి సుజుకి వయోలిన్ పాఠాల పుస్తకాల సంగతీ ఇదే. ఆయన పోయింది 1998లో, లెక్క 2058 చివరిదాకా ఉంది. పాశ్చాత్య సంగీతంలో హక్కులు తీరిపోయిన పాతవాటి నొటేషన్ కోసం 2006లో మొదలైన ఐఎంఎస్ఎల్‌పీ సైటు ఉంది. చర్చికి కావలసినవి నేను చాలావరకు అక్కడివే వాడతాను.

అపోహ: ట్యాబ్ వచ్చాక కాగితంతో పనిలేదు.

ఐప్యాడ్ వాడదగ్గ వేడి 35 డిగ్రీల వరకే అని తయారీదారే రాస్తాడు. మే నెలలో మన ఊళ్లో సాయంత్రం ఆరింటికి కూడా గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. శామీర్‌పేట వైపు ఒక లాన్‌లో పెళ్లి రిసెప్షన్, మా నలుగురం తీగ వాద్యాలు. పడమటి ఎండ సరిగ్గా స్టాండు మీద పడుతోంది. ముందు తెర మసకబారింది. బ్రైట్‌నెస్ పెంచుతుంటే దానంతటది తగ్గుతోంది. మూడో పాట మధ్యలో తెర నల్లబడి, వేడెక్కాను, చల్లారనివ్వమని ఒక మాట చూపించింది.

సెల్లో వాయించే అన్న తన సంచిలోంచి నాలుగు జిరాక్సులు తీసి, రెండు బట్టల క్లిప్పులతో సహా నా స్టాండుకు పెట్టేశాడు. "నీ ట్యాబ్‌ను కూలర్ ముందు పండబెట్టు" అన్నాడు. పండబెట్టాను. కూలర్ గాలికి నా కాగితాలు ఎగిరిపోకుండా ఇంకో రెండు క్లిప్పులు అడగాల్సి వచ్చింది.