వంతులవారీ దయ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు,

"పేదవాళ్ళకు సాయం చెయ్యాలంటే మంచి మనసుంటే చాలదా తాతయ్యా, ఈ సంఘాలూ పద్ధతులూ ఎందుకు?" అని అడిగారు కదా. నాలుగు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో ఒక ఫాదర్ గారికీ ఇదే ప్రశ్న ఎదురైంది.

ఆయన విన్సెంట్ డి పాల్. రైతు బిడ్డ. ఆయన చదువు కోసం తండ్రి జత ఎడ్లను అమ్మేశాడంటారు. 1600లో చర్చి ఫాదర్ అయ్యారు. అప్పటికి పేదల ధ్యాస పెద్దగా లేదు. మంచి రాబడి ఉన్న పదవి దొరికితే చాలనుకునేవారు. ఆయన్ని ఇప్పుడు పునీతుడు, అంటే సెయింట్, అంటారు. పునీతులంటే పుట్టుకతోనే అలా ఉంటారనుకోకండి!

1617 ఆగస్టులో ఆయన షాటియోన్ అనే చిన్న ఊళ్ళో ఉన్నారు. ఒక ఆదివారం పూజకు వస్త్రాలు వేసుకుంటుంటే కబురొచ్చింది: ఊరవతల ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, చూసే దిక్కు లేదు. ప్రసంగంలో ఆ సంగతే చెప్పారు. మధ్యాహ్నం తానూ బయల్దేరితే దారంతా తిరునాళ్ళలా జనం! వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు, ఎండకు తాళలేక దారి పక్కన కూలబడ్డవాళ్ళు. ఆ ఇంట్లో తిండి గుట్టలు పడింది. సగం పాడైపోతుంది, ఆ తర్వాత మళ్ళీ పస్తే.

ఇది మొక్కకు నీళ్ళు పోసినట్టే. మా చిన్నప్పుడు అమ్మ పెరట్లో ఏ మొక్క నాటినా, ఆ రోజు పిల్లలందరం చెంబులతో ఎగబడేవాళ్ళం. పాదు బురదైపోయేది. వారం తిరిగేసరికి అటు చూసేవాడు లేడు. అమ్మ మమ్మల్ని తిట్టలేదు. బొగ్గుముక్కతో గోడ మీద ఏడు రోజుల పేర్లూ రాసి, ఒక్కో రోజుకు ఒక్కొక్కరి పేరు రాసింది. నాకు శుక్రవారం. మా అన్న తన వంతు నాకు అంటగట్టాలని చూసేవాడనుకోండి, అది వేరే కథ. వేరు కోరేది రోజుకో చెంబు.

విన్సెంట్ గారు చేసిందీ అదే. ఊళ్ళోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి రోగులకు వండిపెట్టడానికి వంతులు వేశారు. అక్కడ మొదలైన పని పారిస్ దాకా పాకింది. 1633లో లూయీజ్ ద మరియాక్ అనే ఆమెతో కలిసి సిస్టర్ల సంఘం పెట్టారు. వీధుల్లో వదిలేసిన పసికందులనూ చేరదీశారు. 1660లో చనిపోయేదాకా అదే పని.

ఆ ఊరి ఆడవాళ్ళకు ఆయన రాసిచ్చిన నియమాలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. రోగిని నవ్వుతూ పలకరించాలి, గుడ్డ పరిచి వడ్డించాలి, తిననంటే బుజ్జగించాలి. ఇంకోటి కూడా ఉంది: తోడున్న రోగుల దగ్గరికి ముందు వెళ్ళాలి, ఎవరూ లేనివాళ్ళ దగ్గరికి చివర్న వెళ్ళాలి.

చివర్న ఎందుకో నేను చెప్పను. ఈసారి ఎవరినైనా చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే, వార్డులో ఎవరి మంచం దగ్గర ఎవరూ లేరో చూసి, కాసేపు అక్కడ కూర్చోండి. తెలిశాక నాకు రాయండి.

మీ
తాతయ్య