రాజపాళయం కూన: ముందు చెవులు చూడండి

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మామిడి తోట కాపలాకు రాజపాళయం కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారనీ, ఒకే ఈత కూనల్లో దేన్ని ఎంచుకోవాలో చెప్పమనీ మీరు రాసిన ఉత్తరం అందింది. ఫోనులో చెప్పవచ్చు కానీ, అక్కడ ఆ తెల్లటి బొద్దు కూనల్ని చూడగానే నా మాటలన్నీ మరిచిపోతారు. కాగితం జేబులో ఉండడమే మంచిది.

ఈ జాగిలం మనకు మరీ పరాయిది కాదు. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం దాని సొంత ఊరు. ఆ ఊళ్లోని రాజుల కులస్థులు ఎప్పుడో తెలుగు నేల నుంచి వెళ్లి స్థిరపడినవారు, తెలుగు మాట్లాడేవారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. అడవిపందుల వేటకూ ఇంటి కాపలాకూ పెంచిన జాతి ఇది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ జాతి కుక్కల బొమ్మలతో బిళ్లలు వేస్తే అందులో ఇదీ ఉంది. వేట మాట మాత్రం ఇప్పుడు తలపెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది సంగతి అటుంచి, కుందేలు మీదికి కుక్కను ఉసిగొల్పినా నేరమే.

ఇక అసలు విషయం. మచ్చలేని తెలుపు, గులాబీ రంగు ముక్కు, బంగారు ఛాయ కళ్లు ఉంటేనే రాజపాళయం అంటారు. చిక్కంతా ఆ తెలుపులోనే ఉంది. చెవి లోపలి భాగంలో రంగు కణాలు ఉంటాయి. అక్కడి ద్రవంలో లవణాలు సరిపాళ్లలో ఉండేలా చూడడం వాటి పని. ఒంటికి రంగు పట్టనివ్వని జన్యువులు ఒక్కోసారి చెవిలోనూ ఆ కణాలను ఉండనివ్వవు. అప్పుడు పుట్టిన కొన్ని వారాల్లోనే వినికిడి కణాలు చచ్చిపోతాయి. దానికి మందు లేదు. ఒళ్లంతా చుక్కలుండే తెల్ల కుక్కలు, డాల్మేషియన్లదీ ఇదే అవస్థ. అమెరికాలో పరీక్షించిన వాటిలో సుమారు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినిపించవని తేలింది. రాజపాళయం జాతిలోనూ చెవుడు ఉన్నదే. అమ్మేవాళ్లు చాలామంది ఆ ఊసు ఎత్తరు, అంతే.

చెవిటి కూనను గుంపులో ఉండగా మీరు కనిపెట్టలేరు. తోటి కూనలు లేస్తే అదీ లేస్తుంది, అవి గిన్నె వైపు పరుగెత్తితే అదీ పరుగెత్తుతుంది. అందుకని అన్నీ పాలు తాగి నిద్రపోయే వేళకు వెళ్లండి. కాస్త దూరం నుంచి తాళాల గుత్తి ఒక్కసారి ఆడించండి. మిగిలినవి చెవులు కదిపి తలెత్తుతాయి. ఏదైనా ఒకటి పక్క కూన కదిలి దాని మీద కాలు వేసేదాకా లేవలేదంటే దాన్ని గుర్తు పెట్టుకోండి. తర్వాత ఒక్కో కూననూ విడిగా, మిగిలినవి కనిపించని చోటికి తీసుకెళ్లండి. అమ్మాయి ఎదురుగా కూర్చుని బొమ్మతో ఆడించాలి, అబ్బాయి వెనకాల నిలబడి సన్నగా ఈల వేయాలి. నేల మీద కాలు తాటించకూడదు, నీడ పడకూడదు, గాలి తగిలేంత దగ్గరగా చప్పట్లు కొట్టకూడదు. చెవిటివి ఆ అదురును, గాలిని ఇట్టే పసిగడతాయి. రెండు మూడు సార్లు చేసి ఆపండి, విసుగొస్తే బాగా వినపడే కూన కూడా పట్టించుకోదు.

ఒక చెవి మాత్రమే పనిచేసే కూన ఈ పరీక్షలో దాదాపు నెగ్గుతుంది. తల తిప్పుతుంది కానీ, శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియక అటూ ఇటూ వెతుకుతుంది. దాన్ని ఖాయంగా తేల్చేది తలకు తీగలు తగిలించి మెదడు స్పందనను కొలిచే పరీక్ష ఒక్కటే. దగ్గరలో ఉంటే చేయించండి. నీలి కళ్ల కూనను వదిలేయండి, చెవుడుకు నీలి కళ్లకు పొత్తు ఎక్కువ. ఇంకో మాట. ఈతలో చెవి మీద రంగు మచ్చ ఉన్న కూన ఉంటే, ‘అది జాతిది కాదు’ అని యజమాని పక్కకు నెడతాడు. నన్నడిగితే కాపలాకు మొదట దాన్నే చూస్తాను. రంగు ఉంటే వినికిడి ఉంటుందని హామీ లేదు, అవకాశం మాత్రం ఎక్కువ.

‘ఇది చూపుతో తరిమే కుక్క కదా, చెవులతో ఏం పని?’ అని మనవడు అడుగుతాడని నాకు తెలుసు. తరమడానికి కళ్లు చాలు నాయనా, వెనక్కి రావడానికే చెవులు కావాలి. పిల్లిని చూసిందంటే గట్టు దాటి రోడ్డెక్కడానికి దానికి కొన్ని క్షణాలు చాలు. అప్పుడు దాన్ని ఆపేది నీ పిలుపు ఒక్కటే.

వినికిడిలో నెగ్గిన వాటిలో మిగతావి చూడటం తేలిక. దారానికి గుడ్డపీలిక కట్టి లాగండి. అన్నీ తరుముతాయి. గుడ్డ తలుపు వెనక్కి పోయాక కూడా అక్కడే మూతి పెట్టి వెతికేది ఏదో చూడండి. స్టీలు పళ్లెం ఒకటి కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, తేరుకుని వాసన చూడటానికి వచ్చేదాన్ని తీసుకోండి, మూల వదలనిదాన్ని వద్దనండి. కొందరు చెవులు పట్టుకుని ఎత్తి, అరవని కూనే ధైర్యమైనది అంటారు. నొప్పి పెట్టి ధైర్యం కొలవడం ఏమిటో! మీ ఎదుట అలా చేయనివ్వకండి.

చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పై పళ్లు కింది పళ్లను కాస్త ముందు నుంచి కప్పాలి, బొడ్డు దగ్గర ఉబ్బు ఉండకూడదు. కుండలాంటి పొట్టను చూసి పుష్టి అనుకోకండి, అది సాధారణంగా నులిపురుగుల పని. ఛాతీ లోతు, పరుగు వేగం ఈ వయసులో ఎవరూ చెప్పలేరు, చెప్పగలనన్నవాణ్ణి నమ్మవద్దు. అవి తెలియాలంటే తల్లినీ తండ్రినీ నడిపించి చూడాలి. కూనల దగ్గరకు వెళ్తే తల్లి గుర్రుమంటుంది, అది సహజం. కూనలు లేనిచోట యజమాని పక్కన ఉన్నా వణికే తల్లి అయితే ఆలోచించండి. తల్లీ తండ్రీ ఒకే ఈతలో పుట్టినవా అని కూడా అడగండి, అవునంటే ఆ ఇంటి కూన వద్దు.

ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధన పెట్టింది. ‘ఆరు వారాలకే ఇస్తాను, ధర తగ్గిస్తాను’ అంటే వద్దనండి. తల్లి దగ్గర తోటివాటిని కొరికి, తిరిగి కొరికించుకుంటేనే పంటి జోరు అదుపులోకి వస్తుంది.

రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి. మర్నాడు వేరే వేళకు మళ్లీ వెళ్లండి. నిన్న చురుగ్గా ఉన్నది ఆకలితో గెంతిందేమో, నిన్న ముడుచుకున్నది కడుపు నిండి ఉందేమో తెలుస్తుంది. తెచ్చే రోజు అక్కడ తింటున్న తిండినే వారానికి సరిపడా అడిగి తెచ్చుకోండి, నులిపురుగుల మందు, టీకాల తేదీలు కాగితం మీద రాయించుకోండి. మూడో నెలలో రేబిస్ టీకా వేయించాలని మీ నాన్నకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య