ఆత్మీయ గుడ్డితనం: అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాదులో బైబిలు స్టడీ నడిపే కాపరిని. "అయ్యగారూ, మా బావగారి కళ్ళు తెరవబడాలని ప్రార్థన చేయండి" అని అడిగేవాళ్ళు వారం వారం ఉంటారు. తన కళ్ళ కోసం అడిగేవాళ్ళే అరుదు. ఇక్కడ గుడ్డితనమంటే కంటి జబ్బు కాదు, తన తప్పు తనకు కనబడకపోవడం.

అపోహ: వాక్యం తెలియనివాళ్ళదే గుడ్డితనం.

వాస్తవం: యేసు గుడ్డివాళ్ళని పిలిచింది ధర్మశాస్త్రం క్షుణ్ణంగా చదివిన పరిసయ్యులనే యూదు మతపెద్దల్ని. యోహాను సువార్త 9లో యేసు చూపిచ్చిన పుట్టుగుడ్డివాడు ముందు "యేసు అనే మనిషి" అంటాడు, తర్వాత ప్రవక్త అంటాడు, చివరికి మొక్కుతాడు. విచారణ చేసిన పెద్దలు మాత్రం "మాకు తెలుసు" దగ్గరే ఆగిపోయి అతణ్ణే వెలివేశారు. (అన్నట్టు, అతను అలా పుట్టింది ఎవరి పాపం వల్లా కాదని ఆ అధ్యాయం మూడో వచనంలోనే ఉంది. చూపులేనివాళ్ళకు ఈ పాఠం అంటగట్టేవాళ్ళు ముందు అది చదవాలి.)

అపోహ: ఈ గుడ్డితనం నాలో ఉంటే నాకు తెలియదా?

వాస్తవం: తెలియదు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఏ డాక్టరునడిగినా చెబుతారు: నీటికాసుల జబ్బులో సాధారణంగా ముందు పక్కచూపు పోతుంది, నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి. పరీక్ష చేస్తే గానీ బయటపడదు. దావీదు రాజుకు జరిగిందీ అదే. తన సైనికుడు ఊరియా భార్యను తీసుకుని, అతణ్ణి చంపించినవాడే, పేదవాడి ఒక్క గొర్రెపిల్లను ఓ ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పిన కథ విని ఆ ధనవంతుడి మీద మండిపడి, నాలుగింతలు కట్టాలని తీర్పిచ్చాడు. నాతాను "ఆ మనిషివి నీవే" అనేదాకా తన సంగతి తట్టలేదు.

అపోహ: బాప్తిస్మంతోనే మనకు కులం పోయింది.

వాస్తవం: పెళ్లి బయోడేటాలు చూడండి. "రక్షణ పొందిన అమ్మాయి కావాలి" అన్న వరుస కిందే కులం, ఉపకులం. అడిగితే "మాకేం లేదండీ, పెద్దవాళ్ళ కోసం" అంటారు. ఆ పెద్దవాళ్ళనడిగితే "పిల్లలకే ఇబ్బందని" అంటారు. ఇక పనమ్మకు విడిగా పెట్టిన గ్లాసు... ఎన్నో ఉపవాస ప్రార్థనల్లో ఒప్పుకోళ్ళు విన్నాను, ఆ గ్లాసు మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. దాచిపెట్టారని నేననుకోను. అది పాపంలా వాళ్ళ కంటికి ఆనలేదు, అంతే.

అపోహ: దీవెనలుంటే చూపు బాగున్నట్టే.

వాస్తవం: లవొదికయ (ఇప్పటి టర్కీలో ఉండిన పాత పట్టణం) డబ్బున్న ఊరు, నల్ల ఉన్నికి పేరు. క్రీ.శ. 60లో భూకంపం వస్తే రోము సాయం లేకుండానే తిరిగి కట్టుకున్నారు. నాకేమీ కొదువ లేదన్న ఆ ఊరి సంఘానికే, చూపు రావడానికి కళ్ళకు కాటుక కొనుక్కోమని బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన 3లో యేసు నుంచి కబురొచ్చింది.

అపోహ: ఒకసారి కళ్ళు తెరుచుకుంటే ఇక చాలు.

వాస్తవం: బేత్సయిదా ఊళ్ళో ఒక గుడ్డివాడి మీద యేసు చేయి ఉంచితే, మొదట అతనికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు. రెండోసారి చేయి ఉంచాల్సి వచ్చింది.

అపోహ: ఒంటరిగా కూర్చుని పరీక్షించుకుంటే అన్నీ బయటపడతాయి.

వాస్తవం: తన పొరపాట్లు తాను కనుక్కోగలవాడెవడని 19వ కీర్తనే అడుగుతోంది. మాలాంటి కాపరులకు ఇది మరీ కష్టం. "అభిషేకించినవారిని ముట్టకూడదు" (దేవుడు ఎన్నుకున్నవారి జోలికి పోకూడదు) అన్న మాట అడ్డం పెట్టుకుని గద్దింపు తప్పించుకునేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. నాతాను గద్దించింది అభిషేకం పొందిన రాజునే కదా! కాబట్టి ఇంట్లోవాళ్ళను అడగండి, మీ కింద పనిచేసేవాళ్ళనైతే తప్పకుండా అడగండి. వాళ్ళు చెబుతుండగా మధ్యలో సంజాయిషీ మొదలుపెట్టకండి. జవాబు మర్నాడు ఇవ్వొచ్చు.